మృగశిర కార్తెకి ఏ చేప: రవ్వా, కొర్రమీనా, వంజరమా?

మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల. కార్తె నాడు వంజరం వేపుడు కావాలంది. ముళ్లు తక్కువ, నీచు వాసన అంతగా రాదు, సరే. కానీ నేను ముషీరాబాద్ మార్కెట్‌కి వెళ్లి రవ్వ తెచ్చాను, ఇంట్లో అందరూ అలిగారు.

నా భయం పాదరసం గురించి. చెరువులోకో సముద్రంలోకో చేరిన పాదరసాన్ని అడుగు బురదలో గాలి ఆడని చోట ఉండే బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తుంది. అది నాచుకి, నాచు తిన్న పురుగుకి, పురుగుని తిన్న చిన్న చేపకి, దాన్ని మింగిన పెద్ద చేపకి ఎక్కుతూ, ఎక్కిన కొద్దీ పెరుగుతూ పోతుంది. కండలోనే పట్టి ఉంటుంది కాబట్టి ఉప్పు, పసుపు వేసి ఎంత కడిగినా, ఎంత వేయించినా పోదు. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన జబ్బు ఈ మిథైల్ మెర్క్యురీ ఉన్న చేపలు తినడం వల్ల వచ్చిందే. అక్కడ తల్లికి పెద్దగా లక్షణాలు లేకపోయినా పుట్టిన బిడ్డల మెదడు దెబ్బతింది. చెల్లి విషయంలో నా టెన్షన్ అంతా అందుకే.

రవ్వ, బొచ్చె ఎక్కువగా నాచు, నీటిలోని సన్నజీవులు తిని బతుకుతాయి. మనకొచ్చేవి చాలావరకు కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పెంచినవి, ఎక్కువ ఏళ్లు పెరగకముందే పట్టేస్తారు, అంత పేరుకునే టైమే ఉండదు. వంజరం అలా కాదు, చేపల్ని వేటాడి తినే చేప. దాని దగ్గరి చుట్టమైన కింగ్ మ్యాకరెల్‌ని, సొరచేపనీ గర్భిణులు తినొద్దని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. మన కోస్తాలో బాలింతలకి సొరపుట్టు పెట్టడం ఆనవాయితీ, పెట్టేవాళ్ల ప్రేమ నాకు తెలుసు, అయినా మా ఇంట్లో మాత్రం వద్దన్నాను. సముద్రపు చేపే కావాలంటే నెత్తళ్లు, కానాగంతలు మేలు, చిన్నవి కదా, పైగా బిడ్డ మెదడుకి కావాల్సిన ఒమేగా 3 కూడా వాటిలో ఉంటుంది.

కొర్రమీను మీద నాకు సగం సగమే. అదీ వేటచేపే, కాకపోతే మేత వేసి పెంచింది అయితే పర్లేదు, అందుకే ఎక్కడిదని అడిగి కొంటాను. ఇక హుస్సేన్‌సాగర్, పటాన్‌చెరు వైపు చెరువుల్లో పట్టినవి ఏ చేపైనా, ఎంత చవకైనా వద్దు. మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు, విగ్రహాల రంగులు చేరిన చోట పాదరసం ఒక్కటే కాదు, సీసం లాంటివి కూడా ఉండొచ్చు.

అలాగని చేప మానేయమనను. గర్భిణులు పాదరసం తక్కువున్న చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినొచ్చని అదే ఎఫ్‌డీఏ అంటోంది. చెల్లికి రెండు పూటలు పులుసు, ఒక పూట వేపుడు అని లెక్క వేశాం. ఈ ఆదివారం బొచ్చె తలకాయ పులుసు, ముళ్లు తీసి పెట్టే పని నాది.