నోట్లో మానని పుండు: రెండో మాట ఎక్కడ అడిగితే మేలు?

నోట్లో పుండు లేచి రెండు వారాలు దాటింది. దగ్గర్లో ఉన్న పంటి డాక్టర్ చూసి బీకాంప్లెక్స్ గోలీలు, రాసుకునే జెల్ ఇచ్చారు. అయినా మానలేదు. ఇక ఇంకొకరికి చూపించాలి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు కనిపించే దారులు నాలుగు: టౌన్‌లోనే ఇంకో క్లినిక్, డెంటల్ కాలేజీ, హైదరాబాద్‌లో క్యాన్సర్ దవాఖాన, ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో ఫోటో పంపి అడగడం.

నా మాట ముందే చెప్తాను. పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయగలిగిన చోటికి వెళ్లడమే మేలు. కంటితో చూసి చెప్పే మాట రెండోదైనా నాలుగోదైనా అంచనాయే. అనుమానం ఉన్న పుండు క్యాన్సరా కాదా అని తేల్చేది బయాప్సీ, అంటే ఈ ముక్క పరీక్ష ఒక్కటే.

ఇంకో క్లినిక్‌కు వెళ్లడం దండగ అనను. పదునుగా విరిగిన పన్నో, సరిగా కూర్చోని కట్టుడు పళ్ల సెట్టో రోజూ ఒరుసుకుని నాలుక అంచున పుండు చేస్తుంది. మంచి పంటి డాక్టర్ దాన్ని పట్టుకుని ఆ పన్ను అరగదీసి, రెండు వారాలాగి మళ్లీ రమ్మంటారు. కారణం పోయాక పుండు మానితే సరే. మానకపోతే మాత్రం ఇంకో జెల్ ట్యూబు తీసుకుని ఇంటికి రాకండి. కొన్ని జెల్లు మంటను తగ్గిస్తాయి, మంట తగ్గగానే నయమైందనుకుంటాం. అసలు నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. అందుకే జనం నెలల తరబడి ఆగుతారు. పసరు మందు కోసం ఆగడమూ అంతే, పోయేది టైమే.

ఫోటో సంగతి తొందరగా చెప్పేస్తాను. వారానికోసారి ఫోటో తీసి పెట్టుకుంటే పుండు పెరుగుతుందో తగ్గుతుందో డాక్టర్‌కు చూపించవచ్చు, అంతవరకు మంచిదే. కానీ పుండు అంచు గట్టిపడిందా, మెడలో గడ్డ చేతికి తగులుతుందా అన్నది ఫోటోలో తెలియదు. వేలు పెట్టి చూడాల్సిందే.

మన ప్రాంతంలో చాలామందికి సరైన మొదటి మెట్టు డెంటల్ కాలేజీ అని నా నమ్మకం. నల్లగొండ వాళ్లకు నార్కట్‌పల్లిలో కామినేని, పాలమూరు వాళ్లకు మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఎంజీబీఎస్‌లో బస్సు దిగితే దగ్గరే. డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం, ముక్క తీసే సర్జరీ విభాగం, ఆ ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజీ విభాగం ఒక్కచోటే ఉంటాయి. ముందు పీజీ విద్యార్థులు చూస్తారు, తర్వాత ప్రొఫెసర్ చూస్తారు. అడిగిందే మళ్లీ అడుగుతారు, ఒక పూట పోతుంది. కానీ ఇంతమంది చూడటం రోగికే లాభం.

ఇంకో కారణం మా ఇంట్లోదే. మా మేనమామకు ఏళ్లుగా గుట్కా అలవాటు. బుగ్గ లోపల తెల్ల మచ్చ వచ్చినా క్యాన్సర్ దవాఖాన పేరెత్తితే మంచం దిగలేదు. పళ్లు చూపించుకుందాం, మచ్చ కూడా చూస్తారు అంటే వచ్చాడు. రిపోర్టులో క్యాన్సర్ లేదు, కానీ కణాలు మారుతున్నాయని, అంటే డిస్‌ప్లేసియా అని వచ్చింది. మచ్చ తీసేశారు, గుట్కా మానిపించారు, చెప్పిన టైముకు చూపించుకుంటున్నాడు. భయపడే మనిషిని మొదటి గడప దాటించగలిగే చోటే ఆయనకు మంచి చోటు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఊళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీసి ఒకటి రెండు కుట్లు వేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే, షుగర్ ఉంటే ముందే చెప్పాలి.

అయితే కొందరు కాలేజీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్ద చోటికే పోవాలి. మెడలో గట్టి గడ్డ, మింగడం కష్టం కావడం, నోట్లో కండ పెరగడం, నాలుక తిమ్మిరి, ఎర్రటి మచ్చ ఉన్నవాళ్లు. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చ ఎక్కువ ప్రమాదం. వీళ్లకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన ఉంది. నల్లగొండ బస్సు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌కు నేరుగా రావచ్చు, అక్కడికి దగ్గర. రద్దీ ఉంటుంది, తోడు మనిషి కావాలి. చేతిలో బయాప్సీ రిపోర్టు ఉంటే ఒక మెట్టు తగ్గుతుంది. ఖర్చుకు భయపడి పరీక్షే మానేసేవాళ్లను చూశాను. వాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. క్యాన్సర్ చికిత్స అందులో ఉంది.

వక్క, గుట్కా నమిలేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, కారం తగిలితే మండితే, పుండు లేకపోయినా ఓరల్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించాలి. ఇవి బుగ్గ లోపల గట్టిపడే జబ్బుకు గుర్తులు కావచ్చు, అది కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

రిపోర్టు వచ్చాక కూడా రెండో మాట అడగవచ్చు. అప్పుడు నోటిని మళ్లీ కోయనక్కర్లేదు. ముక్కను పలచగా కోసి పెట్టిన గాజు స్లైడ్లు, మిగిలిన ముక్క ఉన్న మైనపు బ్లాక్ అడిగి తీసుకుని వేరే పాథాలజిస్టుకు చూపిస్తే చాలు. ఏమీ లేదని రిపోర్టు వచ్చినా పుండు మానకపోతే, ముక్క వేరే చోటి నుంచి మళ్లీ తీయమని అడగండి. క్యాన్సర్ అని తేలితే మాత్రం అభిప్రాయాల కోసం నెలలు తిరగకూడదు. చిన్నగా ఉన్నప్పుడు ఆపరేషన్‌తోనే సరిపోవచ్చు, ముదిరితే రేడియేషన్ కూడా కావాలి.

మొదటి డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. "సార్, ఏమనుకోకండి, మా మామకు ఒకసారి ముక్క టెస్ట్ చేయిద్దామనుకుంటున్నాం, చీటీ రాసివ్వండి" అంటే చాలు. ఆ చీటీ, పాత మందుల కాగితాలు వెంట పెట్టుకోండి. ముక్క ఇచ్చిన రోజే రిపోర్టు ఏ తేదీకి వస్తుందో, ఏ గదిలో ఎవరిని కలవాలో ఓపీ కాగితం మీద రాయించుకోండి, ఆ తేదీకి రోగి రాలేకపోతే ఇంట్లో ఇంకెవరైనా వెళ్లి తీసుకురండి.