లేకాక్: గంటలో చుట్టేసే ఊరు కాదు

ఇంగ్లండ్‌లో పాత పల్లె చూడాలంటే మనవాళ్ళు చాలామంది ముందు కాట్స్‌వోల్డ్స్ టూర్ బస్సు ఎక్కుతారు. ఆ బస్సుల్లో కొన్ని విల్ట్‌షైర్‌లోని లేకాక్‌లోనూ ఆగుతాయి, గంటో గంటన్నరో టైమిచ్చి. ఆ గంటలో నాలుగు వీధులు తిరిగి, ఫొటోలు దిగి, ఐస్‌క్రీమ్ తినడం అయిపోతుంది. ఊళ్ళో అసలు సరుకంతా ‘అబ్బే’ అని పిలిచే పాత క్రైస్తవ మఠం లోపలా, ఊరి వెనక పొలాల్లోనూ ఉంది. అందుకే లేకాక్‌కి సొంతంగా వెళ్ళాలి, పూర్తి రోజు పెట్టుకోవాలి.

రైల్లో వెళ్ళేవాళ్ళు దిగాల్సింది చిప్పెన్‌హమ్‌లో. లండన్ ప్యాడింగ్టన్ నుంచి గంటా పావు, రెడింగ్ నుంచి ముప్పావు గంట పైచిలుకు, స్విండన్ నుంచి పావుగంటలోపే. రెడింగ్, స్విండన్‌లలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది ఉదయం టిఫిన్ చేసి బయల్దేరి రాత్రి భోజనానికి తిరిగొచ్చే దూరం. వారాంతాల్లో, సెలవు రోజుల్లో ఎప్పుడు బయల్దేరినా ఆఫ్-పీక్ టికెట్టే. ముగ్గురు నుంచి తొమ్మిదిమంది దాకా కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ కింద మూడో వంతు తగ్గుతుంది, దానికి ఏ కార్డూ అక్కర్లేదు. పిల్లలుంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ మేలు: పెద్దలకి మూడో వంతు, పిల్లలకి 60 శాతం తగ్గింపు. దూర ప్రయాణమైతే కార్డు ఖరీదు ఒకటి రెండు ట్రిప్పుల్లోనే తిరిగొచ్చేస్తుంది.

చిప్పెన్‌హమ్ నుంచి ఊరు ఐదారు కిలోమీటర్లు. ఫ్రూమ్ వైపు వెళ్ళే ఎక్స్34 బస్సు ఊళ్ళోనే, జార్జ్ ఇన్ అనే పబ్బు దగ్గర ఆపుతుంది. ఇంగ్లండ్‌లో బస్సు చార్జీకి 2025లో ఒక వైపు 3 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టారు కాబట్టి ట్యాక్సీతో పోలిస్తే ఇది చాలా చవక. చిక్కల్లా ఆదివారాలతోనే, సాయంత్రాలతోనే. పల్లె బస్సులు ఆ వేళల్లో బాగా పలచబడతాయి. ఆ తేదీకి టైమ్‌టేబుల్ చూసుకుని, చివరి బస్సు ముందే గుర్తుపెట్టుకోవాలి. అది తప్పిపోతే ట్యాక్సీ ఫోన్ చేసి పిలిపించుకోవాల్సిందే. స్టాండ్‌లో కార్లు ఎదురుచూసే ఊరు కాదిది.

కారైతే ఎమ్4 మోటర్‌వే మీద 17వ జంక్షన్‌లో దిగి ఏ350 రోడ్డు పట్టుకుని దక్షిణానికి రావాలి. జీపీఎస్‌లో ఒట్టి ‘లేకాక్’ అని కొడితే అది మిమ్మల్ని తిన్నగా నడి ఊళ్ళోకి తీసుకుపోతుంది. అక్కడ ఎదురుగా ఇంకో కారొస్తే వెనక్కి నడుపుకుంటూ పోవాల్సిన వీధులు. దానిబదులు గోధుమరంగు బోర్డులు చూసుకుంటూ, పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ కార్ పార్క్‌కి వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఊళ్ళోకి కొద్ది నిమిషాల నడక. ఎండ కాసే శని, ఆదివారాల్లో మాత్రం పదకొండులోపే చేరాలి. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మన లైసెన్సుతోనే పన్నెండు నెలల దాకా నడపొచ్చు, స్టీరింగ్ కూడా కుడివైపే. అలవాటు లేనిది ఇక్కడి సన్నదారులే. తెల్లటి గుండ్రం మీద నల్ల గీత ఉన్న బోర్డు కనబడిందంటే పరిమితి గంటకు 60 మైళ్ళని అర్థం. అంత వేగంతో పొమ్మని కాదు. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచెలుండి, మలుపు అవతల ట్రాక్టర్ ఉందో గొర్రెల మంద ఉందో తెలియని దారుల్లో ముప్పై కూడా ఎక్కువే.

ఇక ఊరి సంగతి. హై స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్ అని నాలుగే వీధులు, చదరంగా కలుస్తాయి. ఇళ్ళ మీద యాంటెన్నాలుండవు, వీధుల్లో వేలాడే కరెంటు తీగలుండవు. ఊరంతా శతాబ్దాల పాటు ఒకే జమీందారీ చేతిలో ఉండటం, ఉన్ని వ్యాపారం పడిపోయాక కొత్త ఇళ్ళు కట్టే డబ్బు ఊళ్ళోకి రాకపోవడం వల్ల పాతవి పాతవిగా మిగిలాయి. 1944లో మటిల్డా టాల్బట్ అబ్బేనీ ఊరినీ కలిపి నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చేశారు. ఇళ్ళలో ఇప్పటికీ అద్దెకి మనుషులుంటున్నారు. పిల్లలు బడికెళ్తారు, చెత్తబుట్టలు బయట పెడతారు. కిటికీలో ముఖం పెట్టి లోపలికి చూడటం, గుమ్మం మీద కూర్చుని ఫొటో దిగడం ఊరివాళ్ళకి నచ్చే పనులు కావు.

వీధుల్లో తప్పక చూడాల్సినవి మూడు. ఈస్ట్ స్ట్రీట్ మూలన 14వ శతాబ్దపు ధాన్యపు కొట్టం ఉంది. అబ్బేకి కట్టాల్సిన శిస్తు ధాన్యరూపంలో ఇక్కడికే చేరేది. లోపల నిలబడి పైకప్పు దూలాలు చూడాలి. దాని పక్కనే చిన్న రాతి గది, తాగి అల్లరి చేసినవాళ్ళని రాత్రికి పెట్టి తాళం వేసేవారట. చర్చ్ స్ట్రీట్‌లో ఒక ఇంటి గోడలో వంపు తిరిగిన పెద్ద చెట్టుమాను జత కనిపిస్తుంది. కప్పు బరువంతా ఆ రెండు మానుల మీదుగా నేలకి దిగుతుంది, గోడ కేవలం తడిక లాంటిది.

అబ్బే టికెట్ దగ్గర ఒక మాట. కౌంటర్‌లో రెండు ధరలు కనబడొచ్చు. ‘గిఫ్ట్ ఎయిడ్’ ఉన్నది ఎక్కువ, ఎందుకంటే అందులో పదిశాతం విరాళం కలుస్తుంది. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళు అది ఇస్తే ట్రస్ట్‌కి ప్రభుత్వం నుంచి ఇంకొంత వస్తుంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఆ లెక్క వర్తించదు కాబట్టి మామూలు టికెట్ అడిగితే చాలు, మొహమాటం అక్కర్లేదు. తోట తెరిచే వేళా లోపలి గదులు తెరిచే వేళా ఒకటి కాదు. గదులు ఆలస్యంగా తెరిచి, ముందుగా మూసేస్తారు. చలికాలంలో కొన్ని రోజులు అసలు తెరవరు. ఊరు తిరిగి మధ్యాహ్నం మూడున్నరకి అబ్బేకి వచ్చేవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పొద్దున్నే అబ్బే, తర్వాత ఊరు అని పెట్టుకోవాలి.

సాల్స్‌బరీ కౌంటెస్ ‘ఇలా’ అనే ఆవిడ 1232లో సన్యాసినుల కోసం పునాది వేయించిన మఠం ఇది. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేయించినప్పుడు ఇదీ మూతపడింది. విలియం షారింగ్టన్ 783 పౌండ్లకి కొని, చర్చి భాగం పడగొట్టి, మిగిలింది ఇల్లు చేసుకున్నాడు. అందుకే కింద మఠం, పైన బంగళా. కింది వసారాల్లోనే హ్యారీ పోటర్ మొదటి సినిమాలో బడి దృశ్యాలు కొన్ని తీశారు, పిల్లలు నేరుగా అటే పరిగెడతారు. అక్కడే చలికాచుకునే గదిలో 1500లో పోతపోసిన పెద్ద లోహపు డేగిసా ఉంది, దాన్నీ చూడమనండి.

పై అంతస్తులో దక్షిణపు గ్యాలరీకి చేరాక తొందరపడకండి. అక్కడున్న చిన్న అద్దాల కిటికీని 1835 ఆగస్టులో ఈ ఇంటి యజమాని, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ లోపలి నుంచి ఫొటో తీశాడు. ప్రపంచంలో ఇప్పటికి మిగిలిన కెమెరా నెగటివ్‌లలో అన్నిటికంటే పాతది అదే. పరిమాణం పోస్టల్ స్టాంపుకి కాస్త అటూఇటూ. కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే కిటికీలోని సుమారు 200 గాజుపలకలు లెక్కపెట్టొచ్చని ఆయనే దాని పక్కన రాసుకున్నాడు. ఉప్పూ వెండి లవణమూ పట్టించిన కాగితం ఎండకి నల్లబడుతుంది. వెలుగు పడిన కిటికీ నల్లగా, చీకటి గోడ తెల్లగా వస్తాయి. అదే నెగటివ్. ఆ కిటికీ ముందు నిలబడి ఫోన్‌తో అదే ఫొటో తీస్తే ఒక ఇబ్బంది కనిపిస్తుంది: బయటి వెలుగుకి గది మొత్తం చీకటైపోతుంది. ఫోన్ తెర మీద గాజుపలకలు కనబడేచోట వేలు నొక్కి వెలుగు తగ్గించుకోవాలి. గేటు దగ్గరి ఫాక్స్ టాల్బట్ మ్యూజియం ముందు చూసి పైకి వెళ్తే ఇదంతా ఇంకా బాగా పట్టుబడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మాత్రం పై గదులకి మెట్లున్న సంగతి ముందే చెప్పండి. కింది వసారాలూ తోటా చాలు వాళ్ళకి, తక్కువేం కాదు.

భోజనం దగ్గర మనవాళ్ళు దెబ్బతినేది రుచి వల్ల కాదు, వేళ వల్ల. పబ్బు తెరిచే ఉంటుంది కానీ వంటగది రెండున్నర ప్రాంతంలో కట్టేసి ఆరింటికి గానీ తెరవని చోట్లు ఎక్కువ. ఒంటిగంటలోపు కూర్చోవాలి. ఆదివారం రోస్ట్‌కి ముందే టేబుల్ చెప్పుకోవాలి. చాలా పబ్బుల్లో సర్వర్ రాడు, టేబుల్ నంబర్ చూసుకుని కౌంటర్ దగ్గరికెళ్ళి ఆర్డరిచ్చి అక్కడే డబ్బు కట్టాలి. శాకాహారులు రెండు ప్రశ్నలు అడగాలి: చిప్స్ వేయించే నూనెలోనే చేప వేస్తారా, గ్రేవీ మాంసం రసంతో చేసిందా అని. నిజాయతీగా చెప్తారు. జార్జ్ ఇన్‌లో తినకపోయినా పాత పొయ్యి దగ్గరికి వెళ్ళి చూడండి. పక్కన గోడకి పెద్ద చెక్క చక్రం ఉంటుంది. అందులో కుక్కని పరిగెత్తించి మాంసం కాల్చే ఊచ తిప్పేవారు. ఆ పని కోసమే పెంచిన పొట్టికాళ్ళ జాతి ఇప్పుడు లేదు.

మధ్యాహ్నం నడకకి వెళ్ళాలి. మూడు కిలోమీటర్లు, నింపాదిగా గంట. చర్చి దగ్గర్నుంచి దిగే సందులో వాగు రోడ్డుకి అడ్డంగా పారుతుంది. పక్కనున్న పాత రాతి వంతెన మీదుగా దాటి, దారి కాస్త ఎక్కాక గేటు తీసుకుని పొలంలోకి వెళ్తే రేబ్రిడ్జ్ అనే నాలుగిళ్ళ పల్లె వస్తుంది. రోడ్డు మీద కుడికి తిరిగి ఏవన్ నది వంతెన దాటగానే మళ్ళీ కుడికి, పొలం గట్టున బౌడెన్ హిల్ రోడ్డు దాకా. అక్కడ కుడికి తిరిగితే పాత వంతెన మీదుగా ఊళ్ళోకి. పసుపు బాణం గుర్తున్న దారి ప్రైవేటు పొలంలోంచి పోయినా నడిచే హక్కు మనదే. తీసిన గేటు మళ్ళీ వేయాలి, ఆవుల మందకీ దూడకీ మధ్యలోంచి పోకూడదు. వేసవిలో దారి పక్క దురదగొండి లాంటి నెటిల్స్ ఉంటాయి, పిల్లలకి పొడుగు ప్యాంట్లు వేయండి. నవంబరు నుంచి మార్చి దాకా నది పొంగి ఈ పొలాలూ, ఒక్కోసారి రోడ్డూ మునుగుతాయి. అప్పుడు స్పోర్ట్స్ షూలతో వెళ్తే చీలమండ దాకా బురదే. ఫోన్ సిగ్నల్‌ని నమ్మకుండా మ్యాప్ దించుకోండి. కాగితం మ్యాప్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 156.

రాత్రి ఊళ్ళో ఉండాలా? టూర్ బస్సులు పోయాక వీధులు ఖాళీ అవుతాయి, ఫొటోలు తీసేవాళ్ళకి ఆ సాయంత్రం, మర్నాటి ఉదయం విలువైనవే. కానీ గదులు తక్కువ, ధర ఎక్కువ. సైన్ ఆఫ్ ది ఏంజెల్ లాంటి 15వ శతాబ్దపు సత్రాల్లో నేల ఒక పక్కకి వాలి ఉంటుంది, దూలాలు తలకి తగులుతాయి, లిఫ్టూ ఏసీ ఉండవు. అది అందమా అవస్థా అన్నది మీ సూట్‌కేస్ బరువుని బట్టి ఉంటుంది. దంపతులైతే వారం మధ్యలో ఒక రాత్రి ఉండొచ్చు. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి చిప్పెన్‌హమ్‌లోని చైన్ హోటలే నయం. నలుగురైదుగురు కలిసి వంటగది ఉన్న కాటేజ్ తీసుకోవడం ఇంకో దారి, అయితే సీజన్లో రెండు మూడు రాత్రులకి తక్కువ ఇవ్వరు. పోపు పెట్టేముందు వంటింటి తలుపు మూసి ఎగ్జాస్ట్ వేయండి, ఎండుమిర్చి పొగకి స్మోక్ అలారం అరవక మానదు.

కారుంటే రెండోరోజుకి కాసిల్ కూమ్ కంటే ఏవ్‌బరీ మంచిది, ఇక్కణ్ణుంచి అరగంట. ఊళ్ళో కొంత భాగం రాతియుగపు రాళ్ళ వలయంలో ఉంటుంది, ప్రవేశం ఉచితం, రాళ్ళని ముట్టుకోవచ్చు కూడా. కార్ పార్కింగ్‌కి మాత్రం కట్టాలి. కాసిల్ కూమ్ అందానికి వంక పెట్టలేం, కానీ ఒకే వీధి, అరగంటలో అయిపోతుంది, పక్కనే రేస్ ట్రాక్ ఉంది కాబట్టి పోటీల రోజున ఇంజన్ల హోరు. వెళ్ళే ముందు ఆ ట్రాక్ క్యాలెండర్ చూసుకోండి. కాటేజ్‌లో దిగేవాళ్ళు బియ్యం, కూరగాయలు చిప్పెన్‌హమ్‌లో శనివారమే కొనేసుకోండి, ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తాయి.