పదేళ్లుగా కథా రచన పుస్తకాలు చదివాక నాకు మిగిలిన ఒక్క పేజీ

కథ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు ఈ పదేళ్లలో ఏడెనిమిది చదివాను. వాటిలో ఒక పేజీకి మాత్రం నేను నిజంగా రుణపడి ఉన్నాను. అది అమెరికన్ నవలా రచయిత జాన్ గార్డ్‌నర్ 'ది ఆర్ట్ ఆఫ్ ఫిక్షన్'లోని ఒక అభ్యాసం. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి కళ్లకు ఒక కొట్టం ఎలా కనిపిస్తుందో రాయమంటాడు. అందులో కొడుకు ప్రస్తావన గానీ, యుద్ధం గానీ, చావు గానీ రాకూడదు.

మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దాటేశాను. రెండేళ్ల తర్వాత ఒక కథ దగ్గర గట్టిగా ఇరుక్కుపోయాను. గొడవపడి ఇల్లు వదిలి వెళ్లిపోయిన కొడుకు, ఇంట్లో ఒంటరిగా తండ్రి. చివరి పేరా ఎన్నిసార్లు రాసినా 'ఆయన గుండె బరువెక్కింది' దగ్గరికే వచ్చి ఆగేది. మాట మార్చి 'లోపల ఏదో తెగిపోయింది' అని రాసినా అదే. చదివితే నాకే ఏమీ అనిపించలేదు.

అప్పుడు ఆ అభ్యాసం గుర్తొచ్చింది. కొడుకు, గొడవ, బాధ అనే మాటలు లేకుండా ఇంటి వెనక వరండా మాత్రమే రాయాలని కూర్చున్నాను. మొదటి రెండుసార్లు ఉత్త సామాన్ల జాబితా వచ్చింది. మూడోసారి సైకిల్ వచ్చింది. సీటు ఎత్తుగా ఉంది, తండ్రి కాళ్లు నేలకు అందవు. దించుదామని స్పానర్ తెచ్చాడు. బోల్టుకు తగిలించాడు. కాసేపు అలాగే నిలబడి, స్పానర్ మళ్లీ గూట్లో పెట్టేసి నడిచి వెళ్లిపోయాడు.

అది రాశాకే ఆయన కొడుకు కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలిసింది. అంతవరకు ఆయనది కోపం అనుకుంటూ రాస్తున్నాను. కథ మొదటి సగం మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ రాత్రి కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు కనబడినవాళ్లందరికీ ఈ పుస్తకాలు చదవమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. తర్వాత రాసిన నాలుగు కథల్లోనూ దుఃఖం వస్తే చాలు, ఏదో ఒక వస్తువు వచ్చి నిలబడేది. నా కథలన్నీ చదివే స్నేహితురాలు 'నీ మనుషులు నోరు తెరవడం మానేశారు' అంది. ఆ మాట నిజమే.

'చెప్పొద్దు, చూపించు' అనే సలహా వల్ల ఇంకా నష్టపోయాను. 'మూడేళ్లు గడిచాయి' అంటే సరిపోయేచోట మూడు సన్నివేశాలు రాశాను. ఎనిమిది పేజీల కథ ఇరవై దాటింది, పట్టు పోయింది. మొదటి చిత్తుప్రతిలో పది శాతం తగ్గించాలన్న స్టీఫెన్ కింగ్ సూత్రం బాగా సాయపడింది కానీ, అది ఎక్కువ రాసేవాళ్లకే. నా స్నేహితురాలు మొదటే పొదుపుగా రాస్తుంది, ఆమెకు పనికిరాలేదు.

దృష్టికోణం గురించి, అంటే కథ ఎవరి చూపులోంచి చెప్పాలన్నదాని గురించి, నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లో బోలెడంత ఉంది. కానీ తెలుగులో ఆ సమస్య క్రియ దగ్గరే మొదలవుతుంది. తండ్రి 'వచ్చాడు' అనాలా, 'వచ్చారు' అనాలా? 'వచ్చారు' అంటే కథ చెప్పే గొంతు కొడుకుదో, ఇంట్లో చిన్నవాళ్లదో అయిపోతుంది. 'ఆయన' అంటూనే 'వచ్చాడు' అంటే దూరం ఇంకోలా మారుతుంది. ఇది నాకు ఇంగ్లీషు పుస్తకాలు నేర్పలేదు, తెలుగు కథలు చదువుతూ పట్టుకున్నాను. విమర్శకుడు వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' (1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు పొందింది) అలా చదవడం అలవాటు చేసింది. రాయడానికి మార్గదర్శిగా కాకుండా, కథను విప్పి చూసే విమర్శగా దాన్ని చదివితేనే బాగుంటుందని నా అభిప్రాయం.

నేను రాత్రిపూట గంటసేపు మాత్రమే రాసుకోగలను, చిత్తుప్రతి చూసి చెప్పేది ఆ స్నేహితురాలు ఒక్కతే. అందుకే నాకు పుస్తకాల అవసరం ఎక్కువ పడిందేమో. చుట్టూ మంచి పాఠకులున్నవాళ్లకు ఇంత అక్కర్లేకపోవచ్చు. ఇంకా మొదటి కథ రాయనివాళ్లకైతే నేను ఈ పుస్తకాలు ఇవ్వను. రాసి, ఒకచోట ఆగిపోయినవాళ్లకు గార్డ్‌నర్ పుస్తకం తెరిచి ఆ అభ్యాసం చూపిస్తాను. ప్రస్తుతం నా దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు మాట్లాడుకోవాల్సిన కథ ఒకటి ఆగి ఉంది. దానికి ఈ పుస్తకాల్లో ఏ అభ్యాసమూ ఇంతవరకు పనిచేయలేదు.