హైస్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాక, నేను చేసిన బీఈడీ గురించి

రాష్ట్ర యూనివర్సిటీ పరిధిలోని ఒక కాలేజీలో రెండేళ్ల బీఈడీ చేశాను. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. "చేరమంటారా?" అని అడిగేవాళ్లకు నా జవాబు: చేరండి, కానీ రోజూ కాలేజీకి వెళ్లేటట్టయితేనే.

ఈ కోర్సులో నాకు ఇప్పటికీ అక్కరకొస్తున్నది మైక్రో టీచింగ్. ఒక్క నైపుణ్యం తీసుకుని ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి. తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చుంటారు. వెంటనే లోపాలు చెబుతారు, ప్లాన్ మార్చుకుని మళ్లీ చెప్పాలి. మా మేడమ్ ప్రశ్నలు వేసే తీరు మీద చాలా పట్టుగా ఉండేవారు. ముందు ప్రశ్న అడగాలి, కాసేపు ఆగాలి, ఆ తర్వాతే ఒకరిని పేరు పెట్టి పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతా క్లాసంతా ఆలోచించడం మానేస్తుంది. చిన్న విషయమే, కానీ నేను ప్రతి పీరియడ్‌లో వాడేది ఇదే.

రెండోది డయాగ్నస్టిక్ టెస్ట్, అంటే పిల్లవాడు ఎక్కడ, ఎందుకు తప్పుతున్నాడో కనిపెట్టే పరీక్ష. ఆరో తరగతిలో ఒక బాబు 502 లోంచి 167 తీసేసి 465 అని రాశాడు. ఇంటూ కొట్టి వదిలేస్తే వాడికి లెక్కలు రావనే అనుకుంటాం. నిజానికి వాడు ఒక పద్ధతి ప్రకారమే చేశాడు: ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. 7 లోంచి 2 తీస్తే 5, 6 లోంచి 0 తీస్తే 6, 5 లోంచి 1 తీస్తే 4. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడ తెచ్చుకోవాలో తెలియక పట్టుకున్న దారి అది. వంద నోట్లు ఐదింటిలో ఒకటి మార్చి పది పదులు చేసి, అందులో ఒక పదిని రూపాయి బిళ్లలుగా మార్చి చూపిస్తే అర్థమైంది. తప్పు వెనక పిల్లవాడి లెక్క ఏమిటో వెతకాలని నేర్పింది బీఈడీయే. బాధేమిటంటే సిలబస్‌లో దీనికి దక్కింది ఒక్క యూనిట్. నా దృష్టిలో ఒక సెమిస్టర్ మొత్తం దీనికే ఇవ్వాలి.

ఫిలాసఫీ, సైకాలజీ పేపర్లు పర్వాలేదు. ఒకే గదిలో చదవడం రాని పిల్లలూ, పై తరగతి లెక్కలు చేయగలిగే పిల్లలూ ఉంటే పాఠం ఎలా నడపాలన్నది మాత్రం ఎవరూ నేర్పలేదు. మన బడుల్లో రోజూ ఎదురయ్యేది అదే.

ఇంటర్న్‌షిప్ సంగతి. టీచర్ కోర్సులకు నిబంధనలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో కోర్సు రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలు అయింది. ఇది చాలా మంచి మార్పు. కానీ మా బ్యాచ్‌లో చాలామందిని బడివాళ్లు ఖాళీ పీరియడ్లకు వాడుకున్నారు. పాఠం చూసి సలహా చెప్పాల్సిన లెక్చరర్ ఎప్పుడో గాని రాలేదు. రికార్డులు మాత్రం గుట్టలుగా రాయించారు. లెసన్ ప్లాన్ రాయడం అవసరమే, పాత బ్యాచ్ రికార్డు చూసి దించడం వల్ల మాత్రం ఎవరికీ ఏమీ రాదు.

ఉద్యోగం కోసం చేరేవాళ్లు ఒకటి గమనించాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైమరీ తరగతులకు బీఈడీ చెల్లదు. ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) కావాలంటే డీఈడీ, అంటే ప్రైమరీ టీచర్ల డిప్లొమా చేయాలి. బీఈడీతో స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల సబ్జెక్టు టీచర్) పోస్టుకు వెళ్లొచ్చు, దానికీ టెట్ అనే అర్హత పరీక్షలో పేపర్-2 పాసవ్వాలి, ఆపైన ఉద్యోగ నియామక పరీక్ష డీఎస్సీ రాయాలి. కాబట్టి డిగ్రీ చేతికొస్తే చాలు, ఉద్యోగం వచ్చేస్తుందన్న ధీమా వద్దు.

కౌన్సెలింగ్‌లో కాలేజీ పెట్టుకునేముందు అక్కడ చదువుతున్న సీనియర్లను కలవండి. మీ మెథడాలజీకి (మీ సబ్జెక్టు ఎలా బోధించాలో నేర్పే పేపర్‌కి) లెక్చరర్ ఉన్నారా, ఇంటర్న్‌షిప్‌కి ఏ బడికి పంపుతారు, పాఠాలు చూడటానికి ఎవరైనా వస్తారా అని అడగండి. "రాకపోయినా అటెండెన్స్ వేస్తాం, ఫీజు కట్టండి చాలు" అనే కాలేజీ అయితే, ఇంటికి ఎంత దగ్గరున్నా పెట్టుకోకండి. నిబంధన ప్రకారం క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. నేను పైన చెప్పిన మైక్రో టీచింగ్ ఇంట్లో కూర్చుంటే రాదు.