మేకప్పా, బొమ్మా, రబ్బరు తొడుగా: పాత రాక్షసుల్లో ఏది మేలు?

1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టీన్' చూసి ఇప్పుడు పదేళ్ల పిల్లాడు కూడా జడుసుకోడు. 1933 నాటి 'కింగ్ కాంగ్', 1954లో జపాన్‌లో తీసిన 'గొజిరా' సంగతీ అంతే. మనం గాడ్జిల్లా అంటున్నది ఆ గొజిరానే. భయం పోయినా ఈ మూడు సినిమాలూ పోలేదు. ఎందుకంటే ఆ రాక్షసుల్లో మనిషి చెయ్యో, ఒళ్లో, ముఖమో ఉందని తెర మీద తెలిసిపోతూనే ఉంటుంది. మూడింటినీ చేసిన పద్ధతులు మాత్రం వేరు. ఫ్రాంకెన్‌స్టీన్ జీవి నటుడి ముఖానికి వేసిన మేకప్, కాంగ్ అడుగున్నర బొమ్మ, గొజిరా మనిషి తొడుక్కున్న రబ్బరు ఒళ్లు.

ముందు మేకప్. యూనివర్సల్ స్టూడియోలో మేకప్ చేసే జాక్ పియర్స్ రోజూ దాదాపు నాలుగు గంటలు, జీవి వేషం కట్టిన బోరిస్ కార్లాఫ్ ముఖం మీద పనిచేసేవాడు. దూది పొరలు, వాటి మీద కొలోడియన్ ద్రవం, అది ఆరాక మరో పొర, ఇలా నుదురును పైకి కట్టుకుంటూ పోవడం. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది, ఘాటుకి కళ్లు మండుతాయి. ఆరేకొద్దీ చర్మాన్ని బిగించి లాగుతుంది. ఒకసారి అచ్చు పోసుకుని రోజూ తగిలించుకునే నురుగు రబ్బరు ముక్కలు అప్పటికి వాడుకలో లేవు. కాబట్టి సాయంత్రం పీకేసింది మర్నాడు మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే. ముఖానికి పూసిన రంగు ఆకుపచ్చ ఛాయది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో అది శవం పాలిపోయినట్టు పడుతుంది.

ఇంత చేసి పియర్స్ ఒక తెలివైన పని చేశాడు: ముఖాన్ని పూర్తిగా కప్పేయలేదు. నుదురు కట్టాడు, కనురెప్పలు బరువుగా వాలేలా మైనం పెట్టాడు, బుగ్గలూ నోరూ వదిలేశాడు. కార్లాఫ్ తన కట్టుడు పళ్లు తీసేస్తే ఒక పక్క బుగ్గ లోపలికి పోయింది. అది మేకప్ కూడా కాదు. పైకప్పు తెరిచినప్పుడు వెలుతురును పట్టుకోబోయి చేతులు చాచే సన్నివేశం చూడండి. తొంభై ఏళ్ల తర్వాతా అది పాతబడలేదు, ఎందుకంటే అక్కడ నటిస్తున్నది మేకప్ కాదు, మనిషి. ఈ పద్ధతితో కానిది ఒకటే: జీవి మనిషంత ఎత్తు దాటలేదు. బరువైన బూట్లు వేసి, పొట్టి చేతుల కోటు తొడిగి ఇంకాస్త పొడుగు చూపించవచ్చు, అంతవరకే.

ఎత్తు కావాలంటే బొమ్మ దగ్గరికి రావాలి. కాంగ్‌కి లోపల కీళ్లు కదిలే లోహపు అస్థిపంజరం, దాని మీద దూది, రబ్బరు, పైన కుందేలు బొచ్చు. వీటిని తయారుచేసినవాడు మార్సెల్ డెల్గాడో, కదిలించిన బృందానికి పెద్ద విల్లిస్ ఓబ్రయన్. బొమ్మను కాస్త జరిపి ఒక ఫ్రేమ్ తీయడం, మళ్లీ జరపడం. సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషం సినిమాకి 1,440 సార్లు. మధ్యలో ఒక దీపం మాడినా, ఎవరైనా బల్లను తగిలినా ఆ షాట్ పోయినట్టే. సెట్‌లో నిజం మొక్క పెడితే అది గంటల్లో వాలిపోతుంది, తెర మీద ఆకులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి.

లోపాలు రెండు. బొమ్మ కదలకుండా ఉన్నప్పుడే ప్రతి ఫ్రేమూ తీస్తారు కాబట్టి వేగంగా కదిలే చేతికి ఉండాల్సిన మసక ఉండదు. అందుకే కదలిక కుదుపుగా కనిపిస్తుంది. రెండోది, జరిపినప్పుడల్లా వేళ్లు తగిలి బొచ్చు నలుగుతుంది, తెర మీద ఒళ్లంతా అలలు లేస్తుంటాయి. ఇది తప్పే, కానీ చూసేవాళ్లకి కాంగ్ కోపంతో రోమాలు నిక్కబొడుచుకున్నట్టు తోస్తుంది! డైనోసార్‌ని చంపాక కాంగ్ దాని దవడను తెరిచి మూసి ఆడించి చూస్తుంది. ఆ చిలిపితనం ఏ కొలతల కాగితంలోనూ ఉండదు, బొమ్మను జరిపినవాడి వేళ్లలో ఉంటుంది. దీనికి భిన్నంగా, క్లోజప్‌ల కోసం ఎలుగుబంటి తోళ్లు కప్పి కట్టిన నిలువెత్తు తల ఉంది చూశారూ, సినిమా మొత్తానికి జీవం లేనిది అదే.

ఇక గొజిరా. దాని ట్రిక్కులన్నీ తీసిన ఎయిజి త్సుబురాయాకి కింగ్ కాంగ్ అంటే ప్రాణం, బొమ్మ పద్ధతిలోనే తీయాలనుకున్నాడు. కానీ అందుకు ఏళ్లు కావాలి, తోహో స్టూడియోకి అదే సంవత్సరం నవంబరులో సినిమా కావాలి. దాంతో రబ్బరు తొడుగు వచ్చింది. మొదట చేసినది బిర్రబిగిసిపోయి నడవడానికే పనికిరాలేదు. దాన్ని నడుము దగ్గర కోసి, కింది సగాన్ని కాళ్ల షాట్లకి వాడుకున్నారు. ఆ తొడుగు బరువు దాదాపు 100 కిలోలు.

అసలు చిక్కు వేగంతో వస్తుంది. గొజిరా ఎత్తు 50 మీటర్లు, తొడుగు రెండు మీటర్లు, కాబట్టి నగరాన్ని 25వ వంతుకి కట్టారు. 25 మీటర్ల పై నుంచి ఇటుక పడడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది, ఒక మీటరు పై నుంచి అర సెకను లోపే. మామూలు వేగంతో తీస్తే మేడ కూలినట్టు ఉండదు, అట్టపెట్టె దొర్లినట్టు ఉంటుంది. ఈ వేగాన్ని సరిచేయాలంటే 25 వర్గమూలం, అంటే ఐదు రెట్లు వేగంగా కెమెరా తిప్పాలి: సెకనుకి 120 ఫ్రేములు. వాటిని తెర మీద మామూలుగా 24 చొప్పున ఆడిస్తే కూలడం నెమ్మదిస్తుంది. కెమెరా ఎంత వేగంగా తిరిగితే ఒక్కో ఫ్రేముకి వెలుతురు అంత తక్కువ అందుతుంది, కాబట్టి దీపాలు పెంచాలి. దీపాలు పెరిగితే వేడి. ఆ వేడిలో రబ్బరు లోపల ఉన్నది హరువో నకజిమా అనే మనిషి, ఒక్కో విడతకి కొద్ది నిమిషాలకు మించి నిలవలేకపోయేవాడు. గొజిరా అడుగులో కనిపించే బరువు సగం లెక్కది, సగం అతని అలసటది. దసరా పులివేషం చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, పులిని చేసేది చారలు కాదు, నడక.

మిగతా బరువు శబ్దం మోసింది. సంగీతం చేసిన అకిరా ఇఫుకుబే బృందం డబుల్ బాస్ తీగలను వదులు చేసి, జిగురు పూసిన తోలు చేతితొడుగుతో లాగి గొజిరా అరుపు పుట్టించింది. కెమెరా వేగంతో సర్దలేనిది నీరు. బిందువు సైజు తగ్గదు కాబట్టి చిన్న తొట్టిలో లేచిన అల ఎప్పుడూ తొట్టిలో అలే. రాత్రి సన్నివేశాలు ఎక్కువ ఉండడం ఇలాంటివి దాచడానికి బాగా కలిసొచ్చింది.

మాయాబజార్‌లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే ట్రిక్కని తెలియనివాడు లేడు, తప్పుపట్టినవాడూ లేడు. అదే మెప్పు ఇక్కడా. పద్ధతిగా చూస్తే నా ఓటు మేకప్‌కే, తర్వాత బొమ్మ, ఆఖరున తొడుగు. సినిమాగా చూస్తే వరస మారుతుంది. బికినీ దీవిలో 1954 మార్చి 1న జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద 23 మంది జపాన్ జాలర్ల పడవ మీద పడింది. ఎనిమిది నెలలకు థియేటర్లకి వచ్చిన గొజిరాలో ఆసుపత్రి నేల మీద పరిచిన క్షతగాత్రులను చూస్తుంటే రబ్బరు గుర్తురాదు.

చూసేవాళ్లు ప్రతులు చూసుకోవాలి. గొజిరా 96 నిమిషాల జపనీస్ ప్రతే కావాలి. 1956లో అమెరికా నటుణ్ణి అతికించి కోసిన 80 నిమిషాలది వేరే సినిమా. ఫ్రాంకెన్‌స్టీన్‌లో చెరువు గట్టున పాపతో పూలు విసిరే సన్నివేశం చివరిదాకా ఉండాలి. జీవి చేతులు చాచగానే కోసేసిన ప్రతిలో పాప కూడా పువ్వులా తేలుతుందనుకుని నీళ్లలోకి విసిరిన అతని పిచ్చి పొరపాటు ఇంకేదో ఘోరంలా అనిపిస్తుంది. కాంగ్ 1938లో కత్తెర పడక ముందున్నట్టుగా, వంద నిమిషాలుండాలి. రంగులు అద్దినవి వద్దు. టీవీలో చిత్రాన్ని సాగదీసే అమరికా, కదలికను నునుపు చేసే అమరికా రెండూ ఆపేయండి. రెండోది వదిలేస్తే ఓబ్రయన్ 24 ఫ్రేముల మధ్య టీవీ తన సొంత ఫ్రేములు దూరుస్తుంది, కాంగ్ నూనెలో జారుతున్నట్టు కనిపిస్తుంది.