బిస్మార్క్ పామ్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

రీల్స్ పెట్టి మొక్కలు అమ్మే ఒక నర్సరీ ఆయన గురించి ఇది. పేరు రాయను. వెండిరంగు ఆకుల బిస్మార్క్ చెట్టు పక్కన నిలబడి "కడియం నుంచి డైరెక్ట్ మీ ఇంటికే" అనే వీడియో మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. గృహప్రవేశానికి గేటు పక్కన పెడదామని ఏడడుగుల బిస్మార్క్ తీసుకున్నాం. మొక్క 18,000, బండి కిరాయి 4,500, మొత్తం ముందే. డబ్బు పడేదాకా "అక్కా, మన ఇంటి మొక్క అనుకో". పడ్డాక "మేడమ్".

వచ్చినప్పుడు బాగానే ఉంది. ఆకులు పైకి కట్టేసి, కింద తళతళలాడే గ్రో బ్యాగ్. రెండేళ్లుగా అందులోనే పెరిగిందన్నాడు. రెండేళ్లు ఎండకీ వానకీ ఉన్న బ్యాగ్ అలా మెరుస్తుందా అని అడిగే తీరిక మాకెక్కడ, కొబ్బరికాయ కొట్టే హడావుడిలో ఉన్నాం! "బ్యాగ్ తీయకండి, అలాగే పాతేయండి, వేళ్లు కదలకూడదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎంత శ్రద్ధో అనుకున్నాం.

ముందు అడుగు ఆకులు ఎండాయి. "సెట్ అవుతోంది" అన్నాడు. చోటు మారితే పాత ఆకులు పోవడం మామూలే కాబట్టి ఊరుకున్నాం. తర్వాత నడిమి మొవ్వు, అంటే కొత్త ఆకులు వచ్చే చిగురు, వాలింది. కొబ్బరి తోట ఉన్న మా మావయ్య చూసి "మొవ్వు లాగి చూడమ్మా" అన్నారు. రెండు వేళ్లతో పట్టుకున్నానంతే, మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. మొదలు గోధుమరంగులో మెత్తగా చిదికిపోయి, ముక్కు మూసుకునేంత వాసన. అరెకా పామ్ లాంటివైతే పక్క పిలకలు వేస్తాయి. బిస్మార్క్‌కి ఉన్నది ఒక్కటే మొవ్వు, అది కుళ్లితే చెట్టు పోయినట్టే.

తవ్వించి బ్యాగ్ కోయించాం. కొబ్బరి పొట్టు కలిపిన కొత్త ఎర్రమట్టి పొడిపొడిగా రాలిపోయింది. లోపల గునపంతో నరికిన వేళ్ల మొద్దులు. కొత్త తెల్లవేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. బ్యాగ్ ఎందుకు తీయొద్దన్నాడో అప్పుడు తెలిసింది. వేళ్లు తెగితే బిస్మార్క్ తట్టుకోవడం చాలా కష్టం. పద్ధతి తెలిసినవాళ్లు నెలల ముందు నుంచే చుట్టూ వేళ్లు విడతలుగా కత్తిరించి, కొత్తవి పుట్టాకే పైకి తీస్తారు. ఈయన నేలలోంచి పీకి, సంచిలో నిలబెట్టి, బండెక్కించాడు.

ఫోటోలు పంపితే బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రానికి వాయిస్ మెసేజ్: "ప్రాణం ఉన్నదానికి గ్యారంటీ ఎవడిస్తాడు మేడమ్? నీళ్లు ఎక్కువ పోసుంటారు. కొందరి హస్తవాసి అంతే." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది. హస్తవాసట! ఇదే చేత్తో పెంచుతున్న అరెకా మా హాల్లో సీలింగ్ దాకా ఉంది. వీధి చివర తోపుడు బండి మీద కొన్నది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, పైమట్టి ఆరాకే నీళ్లు. ఆర్‌వో వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లకి ఆకు కొనలు మాడుతున్నాయని అవి పోయడం కూడా మానేశాను. ఆ తోపుడు బండి అబ్బాయి పాపం గ్యారంటీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

నన్ను బ్లాక్ చేశాడు. మా తోడికోడలు ఫోన్ నుంచి అడిగిస్తే, "బిస్మార్క్ లాస్ట్ పీస్ అక్కా" అని వీడియో వచ్చింది. అదే ప్రహరీ, అదే నీలం చొక్కా కుర్రాడు, నాకు "మీ మొక్క" అని చూపించిన అదే చెట్టు. ఆ లాస్ట్ పీస్ ఇంకెన్ని ఇళ్లకు అమ్ముడుపోయిందో.

కడియంలో తరతరాలుగా నర్సరీలు నడిపేవాళ్లను నేను ఏమీ అనడం లేదు. ఈయన వాడుకుంటున్నది ఆ ఊరి పేరు.

పెద్ద పామ్ కావాలంటే వెళ్లి చూసి కొనండి. కుదరకపోతే వీడియో కాల్‌లో బ్యాగ్ విప్పించండి, మట్టిగడ్డ విడిపోకుండా నిలవాలి, తెల్లవేళ్లు కనపడాలి. బండి మీద ఉండగానే మొవ్వు మెల్లగా లాగి చూడండి, ఊడేలా ఉంటే దింపనివ్వకండి. సగం డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.