అద్దెకిచ్చిన ఇంట్లో పార్టీలు: కెమెరానా, నాయిస్ మానిటరా, ఏది మేలు?

రోజుల లెక్కన ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు పదే పదే అడిగేది ఇదే. గెస్టులు చెప్పాపెట్టకుండా పార్టీ పెట్టేస్తే మనకు తెలిసేదెలా?

కెమెరా బలమంతా తలల లెక్కలో ఉంది. నలుగురికని బుక్ చేసి పదిమంది దిగితే గుమ్మం దగ్గరే దొరికిపోతారు. కానీ దాని చోటు బయటే. ఇలా ఇళ్లు అద్దెకిప్పించే వెబ్‌సైట్ ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను నిషేధించింది; స్విచాఫ్ చేసి ఉంచినా ఒప్పుకోదు. బయటి కెమెరా ఎక్కడుందో లిస్టింగ్‌లో, అంటే సైట్‌లో మీ ఇంటి ప్రకటనలో, రాయాలి. తలుపు తీయగానే హాలు కనపడే కోణంలో బిగించకండి.

నా మటుకు తేల్చాల్సింది ఒక్కటే: ఒకరిద్దరు నియమం తప్పుతారని, తప్పని వాళ్లందరి మీదా ఎంత నిఘా పెట్టొచ్చు? ఆ లెక్కన, గదిలో శబ్దం ఎంతుందో కొలిచి అలర్ట్ పంపే నాయిస్ మానిటరే మేలు. మాటలు రికార్డ్ చేయకుండా డెసిబెల్ అంకె మాత్రమే పంపే రకం తీసుకోండి. హాల్లో పెట్టండి, పడకగదిలో వద్దు. టీవీకి, ఏసీకి, ఫ్రిజ్‌కి దూరంగా ఉండాలి, లేకపోతే ఉత్తుత్తి అలర్టులతో విసిగిస్తుంది. ఇది ఉందని కూడా లిస్టింగ్‌లో ముందే రాయాల్సిందే. దాచిపెట్టి, గెస్టు నియమం తప్పాడనడం న్యాయం కాదు.

చాలామంది పొరబడేది, శబ్దం ఎంత దాటితే అలర్ట్ రావాలనే హద్దు పెట్టడంలో. ఎవరో చెప్పిన అంకె పెట్టేస్తారు. ఇల్లు ఖాళీగా ఉన్న రాత్రి కిటికీలు తెరిచి పాటలు పెట్టండి, పక్కింటి గోడ దగ్గర నిలబడి వినండి. అక్కడికి వినపడటం మొదలైనప్పుడు మానిటర్ 72 డెసిబెల్స్ చూపిస్తే, రాత్రి హద్దు 70 పెట్టుకోండి. వరసగా పది నిమిషాలు దాటితేనే అలర్ట్ వచ్చేలా చూడండి. తలుపు ధడేలుమన్నా, హెయిర్ డ్రయ్యర్ ఆడినా గోల ఉండదు.

అలర్ట్ రాగానే బెదిరింపు వద్దు. "హాల్లో శబ్దం ఎక్కువగా ఉన్నట్టుంది, కిటికీలు మూసి సౌండ్ కాస్త తగ్గిస్తారా?" అని మెసేజ్ పెట్టండి. కిటికీలు తెరిచున్న సంగతే వాళ్లకు గుర్తుండకపోవచ్చు. పది నిమిషాల్లో తగ్గకపోతే ఫోన్ చేయండి.

డిపాజిట్ పెంచితే పగిలిన అద్దానికి డబ్బొస్తుంది, పక్కవాళ్ల నిద్ర రాదు. పక్కింటివాళ్లకు మీ నంబరివ్వండి, కాపలా పని మాత్రం అప్పగించకండి.

మానిటర్ ఆఫ్‌లైన్ అయితే వెంటనే గెస్టును అనుమానించకండి. ముందు వైఫై పనిచేస్తోందా, కరెంటు ఉందా అని అడగండి.